నిశ్శబ్దమే ఆస్తి: బోర్‌స్టాల్ బాతుల మడుగు కథ

(పక్షి పరిశీలకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

రేపు తెల్లవారుజామున మీలో చాలామంది కొల్లేరు గట్ల మీద ఉంటారు. ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల లెక్క అది. వలసబాతుల్లో పిన్‌టైల్ ఎన్ని, షావలర్ ఎన్ని, గార్గనీ ఎన్ని అని నోటుపుస్తకాల్లో గీతలు గీసుకుంటారు. అలాంటి పనికి ముందురోజు సాయంత్రం, బాతుల్ని మాయచేసి వలలోకి రప్పించి మెడ విరిచి సంతకు పంపిన ఒక పాత పద్ధతి గురించి మాట్లాడతాననగానే నిర్వాహకులు కాస్త వెనకాడారు. ఎందుకు ఒప్పించానంటే, ఆ పనికీ రేపు మీరు చేయబోయే పనికీ నడుమ నేరుగా దారి ఉంది. ఆ దారి ఇంగ్లండులో ఒక ఎస్టేటు అడవిలోని చిన్న మడుగు మీదుగా పోతుంది.

ఆ ఊరి పేరు బోర్‌స్టాల్. బకింగ్‌హామ్‌షైర్‌లో, ఆక్స్‌ఫర్డ్‌కు ఈశాన్యంగా, బ్రిల్ అనే కొండ ఊరి కింద ఉంటుంది. పల్లపు నేల, బంకమట్టి. వాన పడితే నీళ్లు ఇంకవు. అక్కడొక పాత జమీందారీ బంగళా ఉండేది. 1312లో జాన్ డి హాండ్లో అనే ఆయన రాజుగారి అనుమతి తీసుకుని దానికి కోట హంగు కల్పించాడు. ఇంటి చుట్టూ అగడ్త తవ్వించి, ముందు రాతి గోపురం కట్టించాడు. 17వ శతాబ్దంలో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చినప్పుడు రాజు మనుషులు ఆ ఇంట్లో తిష్ఠ వేశారు. ముట్టడి నడిచింది. 1646 జూన్‌లో లొంగిపోయారు. ఆ తర్వాత ఒక పెళ్లి ద్వారా ఎస్టేటు ఆబ్రీ అనే కుటుంబం చేతికొచ్చింది. వాళ్ల హయాంలో, 1690లలో, బంగళాకు కాస్త దూరంగా అడవి నడుమ ఒక మడుగు తవ్వారు. 1697 నాటి ఎస్టేటు పటంలో అది కనిపిస్తుంది.

ఆ బంగళా ఇప్పుడు లేదు. 1770లలో అప్పటి యజమాని సర్ జాన్ ఆబ్రీ కొడుకు చిన్నవయసులోనే చనిపోయాడు. ఎలుకల కోసం పెట్టిన విషం పొరపాటున పిల్లవాడి జావలో కలిసిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ తండ్రి ఇక ఆ ఇంట్లో ఉండలేక 1778లో దాన్ని పడగొట్టించాడు. ముందున్న రాతి గోపురం మిగిలింది, అడవిలోని మడుగు మిగిలింది. గోపురం 1943లో, మడుగు 1980లో పాత కట్టడాలనూ ప్రకృతి స్థలాలనూ కాపాడే నేషనల్ ట్రస్టు చేతికి వచ్చాయి. అంత పెద్ద ఇల్లు పోయి, బాతులు పట్టుకునే గుంట మూడు వందల ఏళ్లు దాటి నిలవడం నాకు చాలా ఆలోచించదగ్గ విషయంగా కనిపిస్తుంది. ఎందుకు నిలిచిందో అర్థం కావాలంటే ముందు అది ఎలా పనిచేసేదో చూడాలి. ఈ భాగం కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మొత్తం కథ ఇందులోనే ఉంది.

దీమం పెట్టి పిట్టను పట్టడం మీకు తెలుసు. మన వేటగాళ్లు పెంపుడు కౌజును బోనులో పెట్టి, దాని అరుపుతో అడవి కౌజుల్ని రప్పిస్తారు. బోర్‌స్టాల్‌లోనూ దీమపు బాతులు ఉండేవి, కానీ అక్కడి పద్ధతికి అవి ఒక అంగం మాత్రమే. అసలు యంత్రం మడుగే.

ఒక ఎకరం, రెండు ఎకరాల మడుగు అనుకోండి. లోతు తక్కువ. చుట్టూ దట్టంగా చెట్లు. మడుగు మూలల నుంచి కాలువలు బయటికి పోతాయి. ఒక్కో మడుగుకు మూడో, నాలుగో, కొన్నిచోట్ల ఎనిమిదో ఉంటాయి. వీటిని అక్కడ పైపులు అంటారు. పైపు తిన్నగా ఉండదు, కొడవలిలా వంపు తిరుగుతుంది. దానిమీద కమానుల్లా వంచిన కర్రలు, తర్వాతి కాలంలో ఇనుప కమ్మీలు, వాటిమీద వల. మడుగు దగ్గర నోరు ఆరేడు గజాల వెడల్పు, మనిషికి రెండింతలకు పైగా ఎత్తు ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ వెడల్పూ ఎత్తూ తగ్గుతూ, అరవై డెబ్బై గజాల అవతల కొసకు వచ్చేసరికి రెండడుగుల సందు అవుతుంది. కొల్లేటి చేపల మావు ఎలా ఉంటుందో అలాగే, కాకపోతే దాని నీడలో మనుషులు నడిచేంత పెద్దది. కొసన విడిగా ఊడదీయగల వల సంచీ కడతారు.

వంపు బయటి వైపున, పైపు పొడుగునా రెల్లు తడికలు నిలబెడతారు. ఒకటి తర్వాత ఒకటి ఏటవాలుగా, ఒకదాని అంచు మరొకదాని వెనక్కి పోయేలా. తడికల వెనక నడిచే మనిషిని పైపులో ముందుకు పోయే బాతు చూడలేదు. మడుగులో ఉన్న బాతు అసలే చూడలేదు. కానీ మనిషి పైపు నోటి దగ్గరికి వచ్చి తడికల సందులో నిలబడితే, అప్పటికే లోపలికి వెళ్లిన బాతులకు మాత్రం కనబడతాడు. తడికకూ తడికకూ నడుమ మోకాలెత్తు తడిక ఒకటి. అది కుక్క దూకడానికి.

కుక్క ఎందుకంటారా? బాతు ఎలా ఆలోచిస్తుందో గమనించిన మనిషి మాత్రమే కనిపెట్టగల సంగతి ఇది. నీటిలో భద్రంగా ఉన్న బాతులకు ఒడ్డున నక్క కనిపిస్తే అవి ఎగిరి పారిపోవు. తల ఎత్తి, కొంచెం దూరం పాటిస్తూ, గుంపుగా దాని వెంట ఈదుతాయి. శత్రువును కంటిచూపులో ఉంచుకుంటే అది మీద పడలేదు, అదీ వాటి లెక్క. నక్క వెనక్కి తగ్గుతున్నట్టు కనిపిస్తే ఇంకా ధైర్యంగా దగ్గరికి వస్తాయి. కాకులు పిల్లి వెనక పడటం మీరంతా చూసే ఉంటారు, స్వభావం అదే. అందుకని నక్కలా ఎర్రగా, బొచ్చు తోకతో ఉండే చిన్న కుక్కను తీసుకున్నారు. కొందరు దానికి నక్క తోక కట్టేవారని కూడా రాసి ఉంది. ఆ కుక్క మొరగదు. మొదటి తడిక వెనకనుంచి పొట్టి తడిక మీదుగా దూకి కనిపిస్తుంది, మళ్లీ తడిక వెనక మాయమవుతుంది. కాస్త లోపల, తర్వాతి సందులో మళ్లీ కనిపిస్తుంది. బాతులు దాన్ని చూస్తూ పైపులోకి ఈదుకుంటూ వస్తాయి. కుక్క కనబడిన ప్రతిసారీ ఒక తడిక మేర లోపలికి.

దీమపు బాతుల పని వేరు. అవి మడుగులోనే పెరిగిన పెంపుడు బాతులు. సన్నటి ఈల వినబడితే గింజలు పడతాయని వాటికి అలవాటు. ఈల వినగానే అవి నింపాదిగా పైపులోకి వెళ్తాయి. వాటిని చూసి అడవి బాతులు వెళ్తాయి.

గాలి కూడా చూసుకోవాలి. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగా లేస్తుంది. కాబట్టి పైపు కొస నుంచి నోటివైపు గాలి వీస్తున్న పైపునే ఆ రోజుకు ఎంచుకోవాలి. అన్ని మూలలా పైపులు ఉండేది అందుకే. కానీ ఆ గాలే మనిషి వాసనను మడుగు మీదికి మోసుకుపోతుంది. బాతు ముక్కుకు అందుతుందని వాళ్లకు గట్టి నమ్మకం. అందుకని మడుగు కాపరి, అక్కడ డికాయ్‌మన్ అంటారు, రాజుకునే పీట్ గడ్డను చేతిలో పట్టుకుని నోటికి దగ్గరగా ఉంచుకునేవాడు. పీట్ అంటే చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే నల్లమట్టి. ఆ పొగలో ఊపిరి వాసన కలిసిపోతుంది. చలికాలపు ఉదయం, ఒక చేతిలో పొగ, ఇంకో చేతిలో గింజలు, పక్కన మాట్లాడకుండా పనిచేసే కుక్క. ఆ కాపరికి చేతి సైగలే భాష.

తగినన్ని బాతులు వంపు దాటి లోపలికి వెళ్లాక, కాపరి వెనక్కి వచ్చి పైపు నోటి దగ్గర సందులో నిలబడి చేయో టోపీయో ఊపుతాడు. లోపలి బాతులు ఉలిక్కిపడతాయి. వెనక మనిషి, పైన వల, ముందు వెలుతురు. గాలికి ఎదురుగా లేచి కొసవైపు ఎగురుతాయి, వల సంచీలో పడతాయి. ఒక్క అరుపు లేదు, తుపాకీ మోత అసలే లేదు. మడుగులో మిగిలిన వందల బాతులకు ఏమీ తెలియదు. వాటికి కనబడింది పైపులోకి వెళ్లిన తోటి బాతులు, అంతే. వంపు ఉన్నది ఇందుకు. కాపరి కొసకు వెళ్లి వల ఊడదీసి, ఒక్కొక్క బాతునూ పట్టుకుని చేత్తోనే క్షణంలో మెడ విరిచేసేవాడు. దీన్ని అందంగా చూపించే ఉద్దేశం నాకు లేదు. ఆ మడుగులు తవ్వింది చంపడానికే.

కానీ ఇక్కడ ఆగి ఒక్క సంగతి గమనించాలి. బాతులు రాత్రి మేతకు పోతాయి. పొలాల్లోకి, చిత్తడి నేలల్లోకి. పగలు ఎక్కడో ప్రశాంతంగా ఉన్న నీటిలో విశ్రాంతి తీసుకుంటాయి. దీమపు మడుగు ఆ పగటి విశ్రాంతి చోటు. అక్కడ ఒక్కసారి భయపడితే ఆ బాతులు మళ్లీ రావు, వాటితోపాటు వచ్చే గుంపులూ రావు. కాబట్టి అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ అడవిలోకి ఎవరూ రాకూడదు. చుట్టుపక్కల తుపాకీ పేలకూడదు. వేటకుక్కలు ఆ వైపు పోకూడదు. కొమ్మ నరకాలన్నా, తడిక బాగుచేయాలన్నా, బురద తీయాలన్నా ఎండాకాలంలోనే. చుట్టూ ఉన్న దేశంలో నీటిపక్షి కనబడితే చాలు కాల్చేస్తున్న రోజుల్లో, వాటిని చంపడానికే కట్టిన చోట వాటికి దొరికినంత నెమ్మది ఇంకెక్కడా దొరకలేదు. మడుగు యజమానికి బాతులు సొంతం కావు. ఆకాశంలో ఎగిరే బాతు ఎవరిదీ కాదు. అతని ఆస్తి నిశ్శబ్దం.

ఇది నేను ఇప్పుడు అల్లిన మాట కాదు, ఇంగ్లండు న్యాయస్థానం దాదాపు ఇదే తేల్చింది. మీలో లా చదివినవాళ్లు కీబుల్, హికరింగిల్ కేసు పేరు వినే ఉంటారు. ఎసెక్స్‌లో శామ్యూల్ కీబుల్ అనే ఆయనకు మినట్స్ మెడో అనే పొలంలో దీమపు మడుగు ఉండేది. అక్కడికి దగ్గర్లో ఎడ్మండ్ హికరింగిల్ ఉండేవాడు. ఈయన కోల్చెస్టర్‌లో ఒక చర్చికి మతాధికారి. 1703 నవంబరు 8న ఆయన మడుగు దగ్గరికి వచ్చి ఆరు తుపాకులు పేల్చాడు. ఆ మోతకూ మందుగుండు కంపుకూ బాతులన్నీ లేచిపోయాయని ఫిర్యాదులో ఉంది. మరో రెండు రోజులు కూడా అదే పని. ఆయన ఒక్క బాతును కూడా తీసుకోలేదు. మడుగును పాడుచేయలేదు. మరి నష్టం ఏమిటి? బాతులు కీబుల్ సొత్తు కావు కదా?

1707లో ప్రధాన న్యాయమూర్తి జాన్ హోల్ట్ ఈ ప్రశ్నకు బడి పోలికతో జవాబిచ్చాడు. ఒక ఊళ్లో పంతులు బడి నడుపుతుంటే, పక్కన ఇంకొకరు కొత్త బడి పెట్టి పిల్లల్ని ఆకర్షిస్తే తప్పు లేదు. కానీ దారిలో తుపాకీ పట్టుకుని కూర్చుని పిల్లల్ని బెదిరించి బడికి పోనివ్వకపోతే పంతులు దావా వేయొచ్చు. అలాగే హికరింగిల్ పక్కనే తన సొంత మడుగు పెట్టి బాతుల్ని తనవైపు రప్పించుకుంటే ఎవరూ ఏమీ అనలేరు. బెదరగొట్టడం వేరు. కీబుల్‌కు ఇరవై పౌండ్ల నష్టపరిహారం నిలిచింది. తర్వాత అమెరికాలో నక్క వేట మీద వచ్చిన ఒక ప్రసిద్ధ కేసులో ఈ తీర్పును ఎత్తిచూపారు, అక్కడి లా విద్యార్థులు ఇప్పటికీ దీన్ని చదువుతారు. ఒక మనిషి బతుకుతెరువును ఊరికే ఓర్వలేక చెడగొట్టడం తప్పా అనే చర్చ జరిగినప్పుడల్లా ఆ బాతులు కోర్టులోకి ఎగిరి వస్తాయి.

నెదర్లాండ్స్‌లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. అసలు ఈ మడుగుల పద్ధతి పుట్టింది అక్కడే. అక్కడ పాత మడుగులకు నమోదైన హక్కు ఉంది. మడుగు నడిబొడ్డు నుంచి ఇంత దూరం వరకు, కొన్నిచోట్ల కిలోమీటరు దాటి, బాతులు బెదిరే పని ఎవరూ చేయకూడదు. ఆ గీత లోపల పొలం ఎవరిదైనా సరే. నిశ్శబ్దానికి పట్టా రాసిచ్చారన్నమాట. అక్కడ ఇప్పటికీ వందకు పైగా మడుగులు మిగిలాయి. ఆ కుక్కల జాతి, కోయ్‌కర్‌హోంజ్, రెండో ప్రపంచయుద్ధం నాటికి దాదాపు అంతరించే దశకు వచ్చి, ఒక దొరసాని పట్టుదలతో మళ్లీ నిలదొక్కుకుంది. 1971లో కుక్కజాతులను నమోదు చేసే డచ్చి కెన్నెల్ సంఘం దానికి పూర్తి గుర్తింపు ఇచ్చింది.

ఇంగ్లండుకు ఈ విద్య 17వ శతాబ్దంలో వచ్చింది. నార్ఫోక్‌లో వాక్స్‌హామ్ అనేచోట సర్ విలియం వుడ్‌హౌస్ తొలి మడుగుల్లో ఒకటి కట్టించాడని చెబుతారు. రెండో చార్లెస్ రాజు 1665లో లండన్ నడిబొడ్డున, సెయింట్ జేమ్స్ పార్కులోనే, సిడ్రాక్ హిల్కస్ అనే డచ్చి మనిషి చేత ఒకటి చేయించాడు. రాజుగారు చేయించుకున్నాక ఎస్టేట్ల వాళ్లకు అది హోదా కూడా అయింది. బోర్‌స్టాల్ మడుగు ఈ అలలోనే వచ్చింది.

అంతకుముందు బాతుల్ని ఎలా పట్టేవారో చెప్పకపోతే ఈ మార్పు విలువ తెలియదు. ఎండాకాలం చివర్లో బాతులు ఈకలు రాల్చుకుంటాయి. కొన్ని వారాలపాటు ఎగరలేవు. అప్పుడు పడవల మీద మనుషులు వరసగా చేరి, వాటిని తోలుకుంటూ వలల్లోకి నెట్టేవారు. తల్లులు, ఇంకా రెక్కలు రాని పిల్లలు, అన్నీ. 1432లో క్రోలండ్ మఠంవారి నీళ్లలో జనం పడి ఆరు వందల బాతుల్ని పట్టుకుపోయిన గొడవ రికార్డుల్లో ఉంది. ఈ తోలుడు వేట వల్ల అక్కడే గూడు కట్టే బాతులు తరిగిపోతున్నాయని 18వ శతాబ్దం మొదట్లో పార్లమెంటు దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. దీమపు మడుగు చలికాలపు వలసబాతుల మీద ఆధారపడింది, గూళ్ల జోలికి పోలేదు. రెండూ చంపడమే అయినా, ఒకటి విత్తనాన్ని తినేస్తుంది, రెండోది తినదు.

ఎన్ని పట్టారు? లింకన్‌షైర్‌లో వెయిన్‌ఫ్లీట్ చుట్టుపక్కల పది మడుగుల నుంచి ఒక్క చలికాలంలో 31,200 బాతులు లండన్‌కు వెళ్లాయని 18వ శతాబ్దపు ప్రకృతి శాస్త్రవేత్త థామస్ పెనంట్ రాశాడు. అందులో టీల్, విజన్ లాంటి చిన్న బాతులు రెండేసి కలిపి ఒకటిగా లెక్క, ధర కూడా సగమే. అంటే అసలు పక్షులు ఇంకా ఎక్కువ. అదే జిల్లాలో ఆష్బీ మడుగువాళ్లు 1833 నుంచి 35 చలికాలాలపాటు ఖాతా రాసి ఉంచారు. మొత్తం సుమారు 95 వేలు, అంటే ఏడాదికి దాదాపు 2,700. అందులో మాలర్డ్ అనే పెద్ద బాతులు సగం, టీల్ దాదాపు మిగతా సగం. లండన్ సంతలో ఈ బాతులకు గిరాకీ ఎక్కువ. తుపాకీ దెబ్బ తగలని మాంసం, పంటికి సీసపు గుండు తగలదు.

ఈ అంకెల పక్కన మన దేశపు అంకె ఒకటి పెడతాను. 1938 నవంబరు 12న భరత్‌పూర్ మహారాజు చిత్తడి నేలలో వైస్రాయ్ లిన్‌లిత్‌గో, ఆయన అతిథులు కలిసి ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కాల్చారు. ఆష్బీలో ఏడాదిన్నర పట్టే పని. ఆ అంకె ఇప్పటికీ కేవలాదేవ్ పార్కులో రాతి పలకమీద చెక్కి ఉంది. ఆ మోతకు ఎన్ని వేల పక్షులు దెబ్బతిని చెల్లాచెదురయ్యాయో ఎవరూ చెక్కలేదు.

మడుగు కాపరుల గురించి ఒక్క మాట. ఇది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని. పీటర్‌బరో దగ్గర బరో ఫెన్ అనేచోట ఎనిమిది పైపుల మడుగు ఉంది. అక్కడ విలియమ్స్ కుటుంబం 17వ శతాబ్దం నుంచి 1958 దాకా, దాదాపు మూడు వందల ఏళ్లు, ఆ ఒక్క మడుగునే నడిపింది. ష్రాప్‌షైర్‌లో ఆస్టన్ అనే ఎస్టేటులో అరవై ఏళ్లు కాపరిగా ఉండి 1776లో పోయిన ఆండ్రూ విలియమ్స్ సమాధి మీద, సగం నేలమీదా సగం నీళ్లలోనూ నీటికుక్కలా బతికాడని పద్యం చెక్కారు. జమీందార్ల పేర్లు బంగళాల మీద ఉంటాయి. బాతు మనసు చదివినవాడి పేరు ఇలా అరుదుగా దొరికినప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

తర్వాత మడుగులు ఎందుకు పోయాయి? మూల కారణం నీళ్లు పోవడం. వింత ఏమిటంటే, మడుగు విద్యను తెచ్చిన డచ్చివాళ్లే చిత్తడి నేలలను ఎండబెట్టే విద్యనూ తెచ్చారు. 1630ల నుంచి కార్నీలియస్ వెర్మూడెన్ లాంటి ఇంజనీర్లు తూర్పు ఇంగ్లండులో కాలువలు తవ్వి నీటిని సముద్రానికి పంపడం మొదలుపెట్టారు. 19వ శతాబ్దంలో ఆవిరి పంపులు ఆ పనిని పూర్తిచేశాయి. చుట్టూ మేత నేల ఉంటేనే పగలు మడుగుకు బాతు వస్తుంది. ఆ మేత నేల గోధుమ పొలమైపోయింది. రెండోది చప్పుడు. తుపాకులు చవకయ్యాయి, త్వరగా పేలేవి వచ్చాయి. రైళ్లు వచ్చాయి. అవే రైళ్లమీద, ఓడలమీద హాలండు నుంచి చవక బాతులు వచ్చాయి. 1886లో సర్ రాల్ఫ్ పేన్-గాల్వే దేశమంతా లెక్క తీస్తే పనిచేస్తున్నవి నలభై ప్రాంతం, మూతపడ్డవి దానికి మూడింతలకు పైన. అడవి కొట్టేసినచోట, రోడ్డు పడినచోట మడుగు కొన్నేళ్లలోనే వట్టి గుంట అయింది. తడికలు మళ్లీ కట్టొచ్చు, వల మళ్లీ అల్లొచ్చు. పోయిన నెమ్మదిని తెచ్చిపెట్టడం ఎవరివల్లా కాలేదు.

బోర్‌స్టాల్ నిలవడానికి కారణం నేననుకోవడం ఇదే. బంగళా పోయాక అక్కడ పెద్ద సందడి లేదు, దారి మీద లేదు, అడవి అలాగే ఉంది.

ఇక అసలు మలుపు. 1899లో డెన్మార్క్‌లో హాన్స్ మోర్టెన్‌సెన్ అనే బడిపంతులు గోరింకల జాతి పక్షుల కాళ్లకు అంకెలున్న అల్యూమినియం ఉంగరాలు తొడిగాడు. పక్షి ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలని. బాతులకు కూడా వేయాలనుకున్నప్పుడు పెద్ద చిక్కు, వాటిని గాయం లేకుండా పట్టడం ఎలా? ఫానో అనే డచ్చివారి తరహా మడుగులున్న దీవి ఆయనకు దారి చూపింది. ప్రాణంతో, ఈక చెదరకుండా, వందల్లో బాతుల్ని పట్టే యంత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. చేయవలసిందల్లా కొస వల దగ్గర చేతులు చేసే పనిని మార్చడమే.

ఇంగ్లండులో ఆ పనికి పెద్ద ఊపు తెచ్చింది పీటర్ స్కాట్. దక్షిణధ్రువ యాత్రలో మరణించిన కెప్టెన్ స్కాట్ కొడుకు. కుర్రతనంలో ఈయన పేరుమోసిన బాతుల వేటగాడు. తర్వాత తుపాకీ వదిలేశాడు. 1946లో సెవెర్న్ నది ఒడ్డున స్లిమ్‌బ్రిడ్జ్‌లో నీటిపక్షుల ట్రస్టు స్థాపించాడు. ఆ చోట బర్క్‌లీ ఎస్టేటువాళ్లు 1843లో కట్టించిన నాలుగు పైపుల మడుగు ఉంది. స్కాట్ దాన్ని ఉంగరాలు వేయడానికి వాడాడు. 1949 నుంచి ఆ ట్రస్టు బరో ఫెన్‌లోనూ అదే పని మొదలుపెట్టింది. మూడు వందల ఏళ్లు బాతుల్ని సంతకు పంపిన కుటుంబం చివరి కాపరి, అదే తడికల వెనక, అదే కుక్కను దూకిస్తూ, ఉంగరాలు తొడిగేవాళ్ల కోసం బాతుల్ని పట్టాడు. ఆ ఉంగరాలు ఫిన్లండు నుంచి, బాల్టిక్ తీరం నుంచి, రష్యా లోపలి నదుల నుంచి తిరిగి వచ్చాయి. చలికాలంలో ఒక ఎస్టేటు మడుగులో కునుకు తీసే టీల్ ఎండాకాలంలో ఎక్కడ గుడ్లు పెడుతుందో ఆ మడుగే చెప్పింది. ఒక దేశం చిత్తడి నేల ఎండిపోతే ఇంకో దేశంలో బాతు తగ్గుతుందన్న వాదనకు ఇలాంటి ఉంగరాలే సాక్ష్యాలు.

ఇదే మలుపు మన దగ్గరా జరిగింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1959 నుంచి పెద్దఎత్తున ఉంగరాలు వేయడం చేపట్టినప్పుడు, పక్షుల్ని దెబ్బతగలకుండా పట్టడానికి బీహార్‌కు చెందిన మీర్‌షికార్లను పిలిపించుకుంది. తరతరాలుగా పక్షుల్ని పట్టి అమ్మిన వాళ్లు. ఏ పిట్ట ఏ గాలికి ఎటు దిగుతుందో, ఏ చప్పుడుకు లేస్తుందో వాళ్లకు తెలిసినంతగా పెద్ద చదువుల పట్టాలు పొందినవాళ్లకు తెలియదు. భరత్‌పూర్‌లో, ఆ 4,273 అంకె చెక్కి ఉన్నచోటే, వాళ్లు పట్టిన బాతులకు ఉంగరాలు వేశారు. వాటిలో కొన్ని సైబీరియాలో దొరికాయి. కొల్లేరుకూ పులికాట్‌కూ వచ్చే పిన్‌టైళ్లు, షావలర్లు కూడా ఉత్తరాది నుంచే అంత దూరం ఎగిరి వస్తాయి.

అందుకే మన ఊళ్లలో వలలు పన్ని పట్టేవాళ్లను కేవలం నేరస్థులుగా చూడొద్దని నా విన్నపం. చట్టం ఉంది, అది అమలు కావాలి, అందులో సందేహం లేదు. కానీ వాళ్ల బుర్రల్లో ఉన్న విద్య పోతే మళ్లీ రాదు. ఆ విద్యకు జీతం ఇచ్చే పని చూపించడం మనలాంటి సంఘాల బాధ్యత.

రేపటి గురించి ఒకట్రెండు సంగతులు చెప్పి ముగిస్తాను. మడుగు కాపరి నియమాలే మీకూ వర్తిస్తాయి. రంగు బట్టలు వద్దు. గట్టు మీద గుంపుగా నిలబడొద్దు. వాహనం దూరంగా ఆపి నడిచి రండి. పగలు నీటిమీద కునుకు తీస్తున్న గుంపు కనిపిస్తే ఫొటో కోసం దగ్గరికి పోయి లేపొద్దు. రాత్రంతా మేసి వచ్చి అలిసి ఉంటాయి. డ్రోన్ ఎగరేయాలని ఎవరికైనా ఉంటే దయచేసి వదిలేయండి.

ఏ పక్షి కాలికైనా ఉంగరం కనబడితే దుర్భిణిలో చదవగలిగినంత వరకు అంకెలు రాసుకోండి. మన దేశపు ఉంగరాల మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయమని చెక్కి ఉంటుంది. చోటు, తేదీ, పక్షి జాతి కలిపి వాళ్లకు పంపండి. చనిపోయిన పక్షి దొరికితే ఉంగరాన్ని పారేయకుండా, తిన్నగా చేసి అంకెలు ఫొటో తీయండి. వేరే దేశపు ఉంగరమైనా అలాగే పంపొచ్చు, ఎవరికి చేరాలో వాళ్లే చేరుస్తారు. ఇంట్లో ఎవరైనా చేపలవాళ్ల దగ్గరో, వలవాళ్ల దగ్గరో ఉంగరం చూశామన్నా అడిగి తెలుసుకోండి, భయపెట్టకుండా.

ఉదయం ఐదింటికి బయల్దేరుదాం. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.